నీలం గోడ మీద బంతిపూల పసుపు, రెండు పూతలు (కోట్లు) వేసినా నిలవడం లేదు

ప్రశ్న (తిరుపతి):
అందరికీ నమస్కారం. మాది ఎం.ఆర్.పల్లి వైపు పాత ఇల్లు. హాలుకు ఉత్తరం పక్క ఒకటే కిటికీ. పక్కింటివాళ్ళు మూడంతస్తులు లేపినప్పటి నుంచి పట్టపగలే లైటు వేసుకుంటున్నాం. మా అమ్మ రోజంతా ఆ కిటికీ దగ్గరే కూర్చుని పూలు కడుతుంది. ఆమె కోసమే హాలుకు పసుపు వేయిద్దామనుకున్నాను. షేడ్ కార్డు తెస్తే, ఒళ్ళో ఉన్న బంతిపూవు రెక్క ఒకటి తుంచి ఒక్కో గడి పక్కన పెట్టి చూసి "ఇదే" అంది.

పాత రంగు లేత నీలం. దాని మీదే రెండు కోట్లు పడ్డాయి. రోలర్ పోయినంత మేరా చారలే, మధ్యలో నీలం తొంగి చూస్తోంది. రాత్రి ట్యూబ్‌లైటు వేస్తే పసుపుపచ్చ కాస్తా ఆకుపచ్చ! మేస్త్రీ మూడో కోటు వేద్దామంటున్నాడు. ఇంట్లోవాళ్ళు తెల్లరంగు కొట్టించి వదిలేయమంటున్నారు. అమ్మ ఏమీ అనడం లేదు, అదే నాకు బాధ. ఏం చేయమంటారు?

జవాబు 1 (చిత్తూరు, పెయింటింగ్ పని):
అమ్మా, మూడో కోటు వద్దు. ముదురు పసుపుకు కింది రంగును కప్పే గుణం తక్కువ. గోడను కప్పేది టైటానియం డయాక్సైడ్ అనే తెల్లపొడి. అది ఎక్కువ పడితే రంగు పాలిపోతుందని ముదురు షేడ్లు కలిపే మూల పెయింటు, అంటే బేస్‌లో తక్కువగా ఉంటుంది. నీలం మీద పసుపు పడితే ఆకుపచ్చ ఛాయ రాక తప్పదు. ఇప్పుడు సన్న ఎమెరీ (గరుకు) కాగితంతో లైట్‌గా రుద్ది, తుడిచి, తెల్ల ప్రైమర్ ఒక కోటు నిండుగా వేయించండి. అది బాగా ఆరాక పసుపు రెండు కోట్లు. నీళ్ళు డబ్బా మీద రాసినంతే కలపమనండి, పలచన చేస్తే మళ్ళీ చారలే. కింద పాతకాలం ఆయిల్ పెయింట్ ఉంటే మాత్రం పొడిగా గీకించవద్దు, సీసం ఉండొచ్చు. ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులోనే అమల్లోకి వచ్చింది.

జవాబు 2 (తిరుచానూరు):
చెల్లీ, పసుపు వదులుకోవద్దు. కానీ నాలుగు గోడలకూ వేయకు. మేము వేయించాం. ఒక గోడ రంగు ఇంకో గోడ మీద పడి, కార్డులో చూసినదానికి రెట్టింపు ముదురైంది, కళ్ళు లాగేవి. మీకు కావాల్సింది వెలుగు కదా, వెలుగును ఎక్కువ తిప్పికొట్టేది తెలుపే. సీలింగు, పక్క గోడలు తెల్లగా ఉంచి, కిటికీకి ఎదురుగోడకు పసుపు వేయించు. అమ్మగారు తలెత్తితే కనబడేది అదే. 6500 కెల్విన్ (నీలిఛాయ తెల్లవెలుగు) ట్యూబ్‌లైటు తీసేసి 3000ది (పసుపుఛాయ వెలుగు) పెట్టు, ఆకుపచ్చ ఛాయ చాలావరకు పోతుంది.

ప్రశ్న అడిగినవారు, పదిరోజుల తర్వాత:
అన్నా, అక్కా, ఇద్దరికీ చాలా థాంక్స్. ప్రైమర్ వేశాక గోడలో నీలం జాడే లేదు. పసుపు ఎదురుగోడకే వేయించాం, లైటూ మార్చాం. గోడ ఆరిందో లేదో, అమ్మ మళ్ళీ బంతి రెక్క పట్టుకుని దగ్గరికెళ్ళి ఆనించి చూసింది. నిన్న సాయంత్రం ఐదున్నర దాకా లైటు వేయమనకుండా కనకాంబరాలు కట్టింది.