పాత సిస్టమ్‌కి ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే వేగమైన స్టోరేజ్) వేయించాలా, 18 వేల ‘ఐ7’ సెట్ కొనాలా?

అన్నలూ, కాస్త సలహా కావాలి. ఇంట్లో ఉన్నది ఐ5-4460 ప్రాసెసర్ (4వ జనరేషన్), హెచ్81 మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్, పాత హార్డ్ డిస్క్. ఆన్ చేసి టీ పెట్టుకుని తాగొచ్చినా ఇంకా గిర్రున తిరుగుతూనే ఉంటుంది. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి, విండోస్ 11కేమో ఇంటెల్ 8వ జనరేషన్ ప్రాసెసర్ల నుంచే అర్హత.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఒక షాపులో ‘ఐ7, 16 జీబీ, 512 ఎస్ఎస్‌డీ, 18 వేలు’ అన్నారు. ఏ జనరేషన్ అంటే ‘ఐ7 సార్, టాప్’ అన్నాడే తప్ప నంబర్ చెప్పలేదు. నేనే సీపీయూ-జెడ్ (ప్రాసెసర్ వివరాలు చూపే సాఫ్ట్‌వేర్) పెట్టించి చూస్తే ఐ7-3770, అంటే 2012 నాటిది! మా ఐ5 కంటే పాతదన్నమాట. బోర్డు హెచ్61, పేరు ఎప్పుడూ విననిది. ఎస్ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంట్ ఇచ్చే పవర్ సప్లై) మీద 450 వాట్స్ అని స్టిక్కర్, చేత్తో పట్టుకుంటే ఖాళీ డబ్బాలా తేలిగ్గా ఉంది. క్యాబినెట్‌కి మాత్రం రంగురంగుల లైట్లు.

పిల్లాడి కోడింగ్, నా ట్యాలీ అకౌంట్లు, అంతే పని. గేమ్స్ లేవు. ఇప్పటికి సాటా (పాత బోర్డుకి సరిపోయే రకం) ఎస్ఎస్‌డీ వేయించి, విండోస్ బదులు లైనక్స్‌తో నెట్టుకురావచ్చా? ట్యాలీ విండోస్ సాఫ్ట్‌వేర్ కదా, దానికి ఇబ్బందేమో. లేక 25 వేలల్లో ఆఫీసుల్లో వాడాక బాగుచేసి అమ్మే (రీఫర్బిష్డ్) 8వ జనరేషన్ సిస్టమ్ తీసుకోవడం మేలా? తీసుకుంటే బోర్డు, ఎస్ఎంపీఎస్ మంచివో కావో షాపులోనే ఎలా పట్టుకోవాలి?