ఈసీసీ మెమరీ డ్రైవర్ సమీక్ష: లాగ్‌లో కనబడే అడ్రస్‌ను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న:
ఒక ఆర్మ్ బోర్డులోని మెమరీ కంట్రోలర్ కోసం మా బృందం రాసిన లినక్స్ ఈడాక్ (మెమరీ దోషాలను గుర్తించి నివేదించే కెర్నెల్ భాగం) డ్రైవర్‌ను నేను సమీక్షిస్తున్నాను. 64 డేటా బిట్లకు 8 చెక్ బిట్లు ఉండే ఈసీసీ (దోషాలను సరిచేసే కోడ్) ఇది. ఒక బిట్ చెడితే సరిచేస్తుంది, రెండు చెడితే గుర్తించి తెలియజేస్తుంది. దోషం వచ్చిందని కంట్రోలర్ పంపే ఇంటరప్ట్ రాగానే, దాన్ని అందుకునే ఫంక్షన్ (హ్యాండ్లర్) ఏ రకం దోషమో చెప్పే స్టేటస్ రిజిస్టర్‌ను చదివి, తర్వాత అడ్రస్ కింది సగాన్నీ పై సగాన్నీ వేర్వేరు రిజిస్టర్ల నుంచి చదివి, స్టేటస్‌లోని బిట్లన్నిటికీ 1 రాసి చెరిపేస్తుంది (ఈ రిజిస్టర్‌లో ఏ బిట్‌కు 1 రాస్తే ఆ బిట్ చెరుగుతుంది). సరిచేయదగిన దోషాలను మేము వెంటవెంటనే పుట్టించినప్పుడు లెక్క సరిగానే పెరుగుతోంది గాని, అప్పుడప్పుడు అడ్రస్ మాత్రం మేము దోషం పెట్టిన చోటుకు సరిపోవడం లేదు. ఎక్కడ వెతకాలో పెద్దలు చెప్పగలరు.

మొదటి జవాబు:
దోషాలు వరుసగా వచ్చినప్పుడే తప్పుతోందంటే, మీరు చదువుతున్న మధ్యలోనే రిజిస్టర్లు మారుతూ ఉండవచ్చు. కింది సగం ఒక దోషానిది, పై సగం మరొకదానిది అయితే, ఆ రెండూ కలిపిన అడ్రస్ ఏ దోషానిదీ కాదు. ఇంటెల్ 82875పీ చిప్‌సెట్ కోసం కెర్నెల్‌లో ఉన్న పాత ఈడాక్ డ్రైవర్‌ను ఒకసారి చూడండి. అది వివరాలు చదివాక స్టేటస్‌ను మళ్లీ చదువుతుంది. రెండు స్టేటస్‌లూ కలవకపోతే, సరిచేయలేని దోషం పాతదాని వివరాలను చెరిపేసిందని అడ్రస్ లేకుండానే నివేదిస్తుంది. మీ దగ్గర రెండు దోషాలూ ఒకే రకానివి కాబట్టి స్టేటస్‌లో తేడా కనబడకపోవచ్చు. అందువల్ల పై సగాన్ని కూడా రెండుసార్లు, అంటే కింది సగానికి ముందొకసారి, తర్వాతొకసారి చదివి పోల్చడం మంచిది. అప్పటికీ తేలకపోతే అడ్రస్‌కు సున్నా, డిమ్ (మెమరీ పలక) స్థానానికి ‘తెలియదు’ అని అర్థమిచ్చే మైనస్ 1 పంపండి. ఆ నివేదికను చూసే ఒక ఇంజనీరు ఏ డిమ్‌ను పీకాలో నిర్ణయిస్తారు కనుక, తప్పు చిరునామా ఇవ్వడం కంటే ఏదీ ఇవ్వకపోవడమే మేలని నేను గట్టిగా నమ్ముతాను.

అంతకంటే నన్ను కలవరపెట్టింది బిట్లన్నిటికీ 1 రాయడం. మీరు స్టేటస్ చదివాక, చెరిపే లోపు సరిచేయలేని దోషం వస్తే, ఎవరికీ తెలియకుండానే దాని బిట్ చెరిగిపోతుంది. చదివినప్పుడు కనబడిన బిట్లను మాత్రమే చెరపండి.

రెండవ జవాబు:
డ్రైవర్ తొలగింపు దారిని కూడా చూడండి. ఇంటరప్ట్‌ను డెవ్‌ఎమ్ పద్ధతిలో (కెర్నెలే తర్వాత దానంతటదే విడుదల చేసే పద్ధతి) తీసుకుని ఉంటే, అది రిమూవ్ ఫంక్షన్ ముగిశాకే విడుదలవుతుంది. ఆ ఫంక్షన్‌లోనే ఈడాక్ నిర్మాణాన్ని ఫ్రీ చేస్తే, ఈలోగా వచ్చిన ఇంటరప్ట్ విడిచిపెట్టిన మెమరీని తాకుతుంది. ముందుగా కంట్రోలర్‌లోనే ఇంటరప్ట్‌ను ఆపి, నడుస్తున్న హ్యాండ్లర్ ముగిసేవరకు ఆగి, ఆ తర్వాతే ఫ్రీ చేయాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. పై సగాన్ని మీరు చెప్పినట్టు కింది సగానికి ముందూ తర్వాతా చదివి పోల్చగా, అడ్రస్ తప్పిన ప్రతిసారీ ఆ రెండు విలువలూ వేరుగానే ఉన్నాయి. రిమూవ్‌లో మీరు చెప్పిన పొరపాటే ఉంది. ప్యాచ్‌ను (సమీక్షకు వచ్చిన కోడ్ మార్పును) తిప్పి పంపుతున్నాను; బిట్లు చెరిపే మార్పును విడి ప్యాచ్‌గా పంపమని కోరాను, పాత కెర్నెళ్లకు దాన్ని ఒక్కదాన్నే తీసుకువెళ్లవలసి ఉంటుంది.