అప్‌డేట్: పిల్లలు టైమ్‌కి పని పూర్తి చేయడం లేదని అడిగాను కదా

నేను పాఠం చెప్పే క్లాసులో సగం మంది లెక్కలు మధ్యలోనే వదిలేస్తున్నారు, ఏం చేయాలి అని ఇంతకుముందు ఇక్కడ అడిగింది నేనే. మీలో ఒకరు చెప్పిన పొమొడోరో పద్ధతి, అదే 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం, మొదలుపెట్టి మూడు వారాలైంది. నిజం చెప్పాలంటే మావాళ్లకి 25 ఎక్కువే, సగంలోనే కిటికీ వైపు చూపులు, అందుకే 12కి తగ్గించాను. అసలు పనిచేసింది ఇంకోటి: పనికి ఎంతసేపు పడుతుందో పిల్లలే ముందుగా మార్జిన్‌లో రాసుకుని, అయ్యాక నిజంగా పట్టిన టైమ్ పక్కనే వేయడం. వెనక బెంచీ అబ్బాయి ఒకడు 5 అని రాసి 19 నిమిషాలు తీసుకున్నాడు, వాడికే నవ్వొచ్చింది, మర్నాడు 15 అని రాసి 16లో ముగించి నోట్‌బుక్ పట్టుకుని నా టేబుల్ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. బహుమతులు మాత్రం ఆపేశాను (వాటితో గొడవలే ఎక్కువ). ఇద్దరు ఇంకా పెన్ను తీయడం లేదు, పక్కన కూర్చుని మొదటి లెక్క నేనే చేయిస్తున్నా.