పాత ఉబుంటులో ‘జీలిబ్‌సీ 2.34 దొరకలేదు’ అని వస్తోంది: లైబ్రరీలను ఎలా జతచేయాలి?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
మా ప్రాంతపు ధాన్యం మిల్లుల కోసం తెలుగు, ఒడియా లిపులలో రసీదులు ముద్రించే ప్రోగ్రామును సీ++ భాషలో, తెరపై కిటికీలు, బటన్లు చూపే క్యూటీ 5.12 లైబ్రరీతో రాశాను. ఉబుంటు 22.04లో కంపైల్ చేసిన ఆ ప్రోగ్రాము, మిల్లుల్లోని ఉబుంటు 16.04 డెస్క్‌టాప్‌లలో తెరుచుకోక, పైన రాసిన సందేశం చూపుతోంది. ఆ యంత్రాలను ఇప్పట్లో మార్చే స్తోమత మిల్లుల వారికి లేదు. కొత్త జీలిబ్‌సీ (ఉబుంటులో దాదాపు అన్ని ప్రోగ్రాములూ ఆధారపడే మూల లైబ్రరీ) ఫైలును ప్రోగ్రాము పక్కనే పెట్టి, ఎల్‌డీ లైబ్రరీ పాత్‌లో (లైబ్రరీలను ఎక్కడ వెతకాలో చెప్పే సెట్టింగు) ఆ దారి చూపమని ఒకరు సలహా ఇచ్చారు. అది సురక్షితమేనా?

సమాధానం (రాయగడ నుంచి):
దయచేసి ఆ పని చేయకండి. జీలిబ్‌సీ, దానిని మెమరీలోకి తెచ్చే లోడర్ ఒకే వెర్షనువి అయి ఉండాలి. పాత లోడరుతో కొత్త జీలిబ్‌సీని కలిపితే మీ ప్రోగ్రామే కాదు, ఆ టెర్మినల్‌లో నడిపే మామూలు ఆదేశాలు కూడా ఆగిపోతాయి. ఉబుంటు 16.04లో ఉన్నది జీలిబ్‌సీ 2.23, మీరు కంపైల్ చేసిన చోట ఉన్నది 2.35. పాతదానిపై కట్టిన ప్రోగ్రాము కొత్తదానిపై నడుస్తుంది గాని, కొత్తదానిపై కట్టినది పాతదానిపై నడుస్తుందన్న హామీ లేదు. 2.34లో ప్రోగ్రామును మొదలుపెట్టే ఫంక్షనుకే కొత్త వెర్షను గుర్తు ఇచ్చారు కనుక, మీ కోడ్‌లో కొత్త సదుపాయమేదీ వాడకపోయినా ఆ సందేశం తప్పదు. అందువల్ల డీబూట్‌స్ట్రాప్‌తో (ఒక ఫోల్డరులో వేరే ఉబుంటు వెర్షనును అమర్చే సాధనం) మీ యంత్రంలోనే 16.04 వాతావరణాన్ని ఏర్పాటు చేసుకొని, క్యూటీ 5.12ను, మీ ప్రోగ్రామును అందులోనే కంపైల్ చేయండి. అక్కడి కంపైలర్ అయిన జీసీసీ 5లో సీ++17 పూర్తిగా లేదు కనుక కోడ్‌ను సీ++14కు పరిమితం చేయవలసి ఉంటుంది.

సమాధానం (సిరొంచ నుంచి):
పై సలహాతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. క్యూటీ లైబ్రరీలను ప్రోగ్రాముతో పాటే ఇచ్చి, వాటి దారిని ఆర్‌పాత్‌లో (లైబ్రరీలను వెతికే దారిని ఫైలులోనే రాసి ఉంచే చోటు) ప్రోగ్రాము ఉన్న చోటు నుంచి సాపేక్షంగా రాయండి. క్యూటీ కిటికీలను తెరపై చూపే ఎక్స్‌సీబీ ప్లగిన్‌కు కూడా విడిగా ఆర్‌పాత్ ఉండాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. సీ++ ప్రామాణిక లైబ్రరీ అయిన లిబ్‌ఎస్‌టీడీసీ++ను మాత్రం జతచేయవద్దు. పాతది ముందుగా లోడ్ అయితే, కొత్త యంత్రాలలో దానికన్నా కొత్త వెర్షను కోరే గ్రాఫిక్స్ డ్రైవర్ తెరుచుకోదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలండీ. మీరు చెప్పినట్లే 16.04 వాతావరణంలో కంపైల్ చేసి, ఫైలు లోపలి వివరాలు చూపే ఆబ్జ్‌డంప్‌తో చూస్తే, ప్రోగ్రాము కోరే జీలిబ్‌సీ వెర్షన్లలో అన్నిటికన్నా పెద్దది 2.14 మాత్రమే. ఇప్పుడు మిల్లులోని పాత డెస్క్‌టాప్‌లోనూ, నా 22.04లోనూ అదే ఫైలు నడుస్తోంది.

సమాధానం (రాయగడ నుంచి):
సంతోషం. ప్రోగ్రాము ఫైలుతో పాటు మీరు జతచేసిన ప్రతి క్యూటీ లైబ్రరీని కూడా ఆబ్జ్‌డంప్‌తో అలాగే పరీక్షించండి. 16.04కు సాధారణ మద్దతు 2021 ఏప్రిల్‌లోనే ముగిసింది కనుక, వీలైనంతవరకు ఆ యంత్రాలను ఇంటర్నెట్‌కు కలపవద్దని మిల్లుల వారికి చెప్పండి.