రేకు పైకప్పు మీది మంచు జారకుండా ఆపే స్నో గార్డులు: జిగురుతో అంటించేవా, క్లాంపులా?

డెన్వర్_చూరు:
డెన్వర్ శివార్లలో ఇల్లు. పైకప్పు 24 గేజ్ మందం స్టీల్ స్టాండింగ్ సీమ్ (పక్కపక్క రేకుల అంచులు పైకి లేపి నిలువు మడతగా కలిపేది, ఆ మడతే సీమ్), సీమ్‌కీ సీమ్‌కీ మధ్య 16 అంగుళాలు, వాలు 6:12 (అడ్డంగా 12కి ఎత్తు 6). చూరు పొడవు 30 అడుగులు, చూరు నుంచి కొప్పు దాకా అడ్డంగా కొలిస్తే 20. పైకప్పు మీద మంచు బరువు చదరపు అడుగుకు 30 పౌండ్లుగా తీసుకోవాలని డ్రాయింగుల్లో ఉంది. మంచు పడ్డ మర్నాడు ఎండ కాయగానే మొత్తం ఒకే పలకలా జారి వీధి గుమ్మం ముందు పడుతోంది. గట్టర్ ఒకచోట వంగిపోయింది. ప్లాస్టిక్ గార్డులు జిగురుతో గుమ్మం మీద వరకు అంటిస్తే సరిపోతుందా?

రేకుల_పని:
గుమ్మం మీద వరకే వద్దండి. పేరుకున్న మంచు ఇసుకలా విడివిడిగా ఉండదు, ఒకటే దిమ్మ. మధ్యలో 6 అడుగులు ఆపితే అటూ ఇటూ ఉన్న మంచు కూడా ఆ 6 అడుగుల మీదే వేలాడుతుంది. గార్డు తన వాటాకి మించిన బరువు మోయలేక ఊడొస్తుంది. పెడితే చూరు పొడవంతా పెట్టండి.

ఇక జిగురు. పాలికార్బొనేట్ (ప్లాస్టిక్) గార్డులకు వాడే జిగురు పూర్తిగా పట్టడానికి దాదాపు 28 రోజులు కావాలి, అన్నాళ్లూ 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తగ్గకూడదు. చలికాలం ముంగిట మీ ఊళ్లో అది కుదిరే పని కాదు. పైగా జిగురు పట్టుకునేది రేకుని కాదు, రేకు మీది రంగుని. ఊడిపడ్డ గార్డుని తిరగేసి చూడండి, అడుగున చాలాసార్లు రంగు పొర అతుక్కుని ఉంటుంది. పైన రేకు మీద ఆ మేరకి బోడి మచ్చ మిగులుతుంది.

లోడ్_లెక్క:
ఈ గార్డులు ఎలా మారుతూ వచ్చాయో చూస్తే మీకు సగం జవాబు దొరుకుతుంది. ఆల్ప్స్ కొండల్లో చూరు వెంట అడ్డంగా దుంగ కట్టేవాళ్లు. అమెరికాలో పలకరాయి పైకప్పులకి పోత ఇనుప గార్డులు వచ్చాయి. పెన్సిల్వేనియా పాత ఇళ్ల మీద డేగ ఆకారంలో పోసినవి ఇప్పటికీ ఉన్నాయి. పలకరాయి గరుకు, మంచుని అదే చాలావరకు పట్టి ఉంచుతుంది. అందుకే అక్కడక్కడా పెట్టిన చిన్న గార్డులు సరిపోయాయి. రంగేసిన రేకు నున్నన. అడుగున కరిగిన నీటి పొర చేరిందంటే రాపిడిని లెక్కలోకే తీసుకోకూడదు, బరువంతా గార్డుదే.

రేకుకి చిల్లు పెట్టి బిగిస్తే రెండు నష్టాలు. ఒకటి కారడం. రెండోది, రేకు సాగి ముడుచుకునే దారి మూసుకుపోతుంది. మీ రేకు వాలు వెంట 22 అడుగులు దాటుతుంది, 70 డిగ్రీల సెల్సియస్ తేడాకి 5 మిల్లీమీటర్లకు పైనే కదులుతుంది. 1990ల మొదట్లో కొలరాడో స్ప్రింగ్స్‌కి చెందిన రాబ్ హాడాక్, సీమ్‌ని పక్కల నుంచి పట్టి బిగించే క్లాంపుని ప్రచారంలోకి తెచ్చాక ఆ చిల్లుల అవసరం పోయింది.

మీ లెక్క: అడుగు చూరుకి 30 × 20 = 600 పౌండ్లు. 6:12 వాలుకి సైన్ విలువ 0.447, అంటే కిందికి లాగే బలం అడుగుకి 268 పౌండ్లు. చూరు మొత్తానికి 8,000 దాటుతుంది. సీమ్‌కి ఒక క్లాంపు చొప్పున పెడితే ఒక్కోదాని మీద 357. మీ సీమ్ రకానికి, గేజ్‌కి చేసిన పరీక్షలో క్లాంపు ఎంత దగ్గర జారిపోయిందో తయారీదారుని అడగండి, దాన్ని సగం చేయండి. ఆ సగం 250 అనుకుంటే ఒక వరస చాలదు, రెండు వేయాలి.

అందరూ మరిచేది ఇంకొకటుంది. ఆ బలం క్లాంపు దగ్గర ఆగిపోదు. రేకులోకి వెళ్లి, రేకుని కదలకుండా బిగించిన ఒకే ఒక్క చోట, కొప్పు దగ్గరో చూరు దగ్గరో, స్క్రూల మీద పడుతుంది. అక్కడ బలం చాలకపోతే గార్డులు గట్టిగానే ఉంటాయి, రేకే మంచుతో సహా కిందికి జారుతుంది.

డెన్వర్_చూరు:
అర్థమైంది, క్లాంపులే వేస్తాను. క్లాంపుని సీమ్‌కి బిగించే సెట్ స్క్రూ రేకుని చీల్చదా? మొదటి వరస ఎక్కడ రావాలి?

రేకుల_పని:
మొన గుండ్రంగా ఉన్న స్క్రూనే తీసుకోండి. అది సీమ్‌లో చిన్న సొట్ట నొక్కి అందులో కూర్చుంటుంది, అంతే. పదునైన మొన అయితే పూత గీసుకుపోయి తుప్పు మొదలవుతుంది. ముందు స్క్రూలన్నీ డ్రైవర్‌తో దించి, తర్వాత టార్క్ రెంచ్‌తో (బిగింపు బలం కొలిచే పానాతో) బిగించండి. 24 గేజ్ స్టీల్‌కి సాధారణంగా 130 నుంచి 150 అంగుళం-పౌండ్లు. బిగించే కొద్దీ సీమ్ మడతలు నొక్కుకుని పట్టు సడలుతుంది కాబట్టి ప్రతి స్క్రూనీ రెండోసారి చూడాలి. ఈ పనులు ఎక్కువగా చెడేది ఇక్కడే.

మొదటి వరస చూరుకి దగ్గరగా, రెండోది వాలు సగం దగ్గర. ఖచ్చితమైన కొలత తయారీదారు లేఅవుట్‌లో ఇస్తారు. రేకుని కింది చెక్కకి పట్టి ఉంచే లోపలి క్లిప్పు ఉన్న చోట క్లాంపు వేయొద్దు, రేకు అక్కడే బిగుసుకుపోతుంది. క్లాంపులకి అడ్డంగా బిగించే బార్ కింద సందు ఉంటే రేకు మధ్యలో చిన్న పలకలు తగిలించాలి, లేకపోతే కరిగి గడ్డకట్టిన ఐసు ఆ సందులోంచి జారుతుంది. అల్యూమినియం, స్టెయిన్‌లెస్ వాడొచ్చు. గాల్వల్యూమ్ (అల్యూమినియం, జింక్ పూత వేసిన స్టీల్) మీద రాగి మాత్రం వద్దు.

లోడ్_లెక్క:
ఆర్డర్ ఇచ్చే ముందు ఒక్కటి. ఇన్నాళ్లూ జారిపోయిన మంచు ఇకమీద పైనే నిలుస్తుంది. జారుతుందన్న లెక్కతో బరువు తగ్గించి, పైకప్పుని మోసే ట్రస్సులు డిజైన్ చేశారేమో ఇంజనీర్ చేత అదే డ్రాయింగుల్లో చూపించుకోండి.