పాత హైవే ముక్కని నడకబాట చేసుకున్నోళ్ళు ఎవరైనా ఉన్నారా? (రణస్థలం వైపు)

చింతతోపు:
అందరికీ నమస్తే. హైవే నాలుగు లైన్లు చేసినప్పుడు మా ఊరి ఒంపు తప్పించి తిన్నగా వేసేశారు. ఆ ఒంపు, కిలోమీటరున్నర పాత తారు రోడ్డు, చింతచెట్లతో సహా అలాగే వొగ్గేశారు. తెల్లారితే ఊళ్ళో షుగరున్నోళ్ళంతా హైవే అంచున లారీల పక్కనే నడుస్తున్నారు. పాతరోడ్డుని నడకకి, పిల్లల సైకిళ్ళకి బాగుచేద్దామని అనుకుంటున్నాం. ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?

నెల్లిమర్ల సైకిల్:
ముందు అది ఎవరి లెక్కలో ఉందో తేల్చుకోండి. మేం ఆర్నెల్లు పంచాయతీ చుట్టూ తిరిగాక తెలిసింది, వాళ్ళది కాదని. హైవే పక్కకి జరిగితే పాత ముక్కని మామూలుగా ఆర్ అండ్ బీకి అప్పగిస్తారు. కాగితం కదిలిందా లేదా అన్నది వేరే కథ. సచివాలయంలో సర్వేయరు చేత ఎఫ్ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) తీయించండి. ఇంకోటి, 2010లో హైవే నంబరు 5 నుంచి 16 అయింది. పాత ఫైలు అడిగేటప్పుడు 5 అనే అడగండి.

గోగునార:
ఖాళీగా ఉందని ఎవరన్నారు బాబూ? సంక్రాంతి ముందు వచ్చి చూడు. మా ఊళ్ళో కుర్రోళ్ళు ఇలాగే ఉత్సాహపడి రోడ్డుకి అడ్డంగా తాడు కట్టారు. మర్నాడు మా అమ్మ ధాన్యం బస్తాలు దించుకుని ఆ తాడు పక్కనే కూర్చుంది. తారు మీద ఆరినంత తొందరగా కళ్ళంలో ఆరదు మరి. చుట్టూ ఇటుక ముక్కలు పేర్చి, మధ్యలో దిగి పాదాలు ఈడుస్తూ చాళ్ళు చాళ్ళుగా తిప్పుద్ది. ఒక మాస్టారు బూట్లతో ఆ చాళ్ళ మీంచే వెళ్ళిపోయారు. ఆవిడ అన్న మాట ఇక్కడ రాయలేను.
చివరికి తేలిందేటంటే అసలు గొడవే లేదు. నడిచేవాళ్ళు ఏడున్నరకల్లా ఇళ్ళకి పోతారు, మంచు ఆరందే ఎనిమిదికి ముందు ఎవరూ గింజ పొయ్యరు. రోడ్డు మధ్యన సున్నం గీత గీశాం, ఓ సగం వాళ్ళది, ఓ సగం వీళ్ళది. రాత్రి టార్పాలిన్ కప్పిన కుప్పల దగ్గర మాత్రం జాగ్రత్త, చీకట్లో ఒక గుంటడు సైకిలుతో ఎక్కించేశాడు.

పోర్ట్‌లాండ్‌లో టెక్కలోడు:
ఇక్కడ అమెరికాలో కొలంబియా నది పక్కన 1913 నుంచి 1922 దాకా కట్టిన పాత హైవే ఉంది. పెద్ద రోడ్డు వచ్చాక కొన్ని ముక్కలు మూలపడ్డాయి. మోసియర్ దగ్గర జంట సొరంగాల్ని 1950ల్లో రాళ్ళతో పూడ్చేశారు. మళ్ళీ తవ్వి 2000లో నడిచేవాళ్ళకి, సైకిళ్ళకి తెరిచారు. మావయ్యగారిని తీసుకెళ్తే అంతా చూసి, "ఇంత తారు ఎండకి వృథాగా పోతోంది" అన్నారు.

గోగునార:
@పోర్ట్‌లాండ్‌లో టెక్కలోడు మావయ్యగారికి నా దండం చెప్పండి.

చంపావతి ఒడ్డు:
టైల్స్ జోలికి పోవద్దు. మా దగ్గర ఓ కాంట్రాక్టరు రంగు టైల్స్ వేశాడు. రెండో వర్షాకాలానికి కింద ఇసుక కొట్టుకుపోయి, అడుగేస్తే టక్కుమని ఒక మూల లేచి బురద చిమ్ముతున్నాయి. పాత తారే మోకాళ్ళకి నయం, గోతులు పూడిస్తే చాలు. వేరు లేచినచోట చెట్టు కొట్టకండి, పక్కనుంచి నడుస్తారు. కొత్త మొక్కలు కానుగ, వేప పెట్టండి, ఉపాధి హామీలో అడగొచ్చు. అంచున గడ్డి కోయించడం మరవద్దు. పొద్దుగూకాక తారు వెచ్చదనానికి పాములొచ్చి పడుకుంటాయి, నేను కట్లపాముని రెండడుగుల దూరంలో చూశాను.

టెక్కలి టీ:
బైకుల సంగతో? మేం రాళ్ళు పాతాం. ట్రాక్టరు పొలానికి పోలేదని వారంలో పీకేశారు. తర్వాత తాళం వేసే ఇనప పైపు పెట్టి, తాళంచెవి కిరాణా కొట్లో ఉంచాం. పక్కన మూడుచక్రాల బండి పట్టేంత సందు వదిలాం. అందులోంచి బైకు కూడా దూరుద్ది, ఏం చేస్తాం. అసలు పనిచేసింది మొదట్లో ఉన్న టీ బల్ల. దాని మీద కూర్చునే నలుగురు ముసలోళ్ళు బైకువాడి తాతపేరు అడుగుతారు.

చింతతోపు:
సర్వేయరు బుధవారం వస్తానన్నాడు. సున్నం గీతకి ఏ సగం ఎవరిదని నిన్న రచ్చబండ దగ్గర తగువైంది. పడమటి చెట్లు 2014లో హుద్‌హుద్‌కి పడిపోయాయి, తూర్పువే మిగిలాయి. ఓ పెద్దాయన లేచి, "నీడ మనుషులకి, ఎండ గింజలకి, ఇంకేటి?" అని తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. తూర్పు సగం మాది. టీ బల్లకి మనిషి దొరకలేదు.