అప్‌డేట్: అమ్మను వీల్‌చైర్‌లో లూర్దు తీసుకెళ్లొచ్చాం

అందరికీ వందనాలు. పక్షవాతంతో కుడి చెయ్యి, కాలు పడిపోయిన అమ్మ ఫ్రాన్స్‌లోని మరియమాత పుణ్యక్షేత్రం లూర్దులో రోజంతా తట్టుకోగలదా అని ఇక్కడ అడిగాను. లండన్‌లో మా విచారణ (చర్చి) వాళ్లు రోగులతో వెళ్తుంటే మేమూ వెళ్లాం. తట్టుకుంది.

పొద్దున్నే వాలంటీర్లు ముందు పట్టుకుని లాగే నీలం టాపు బండి తెచ్చారు. "రిక్షా ఎక్కిస్తున్నారేంట్రా!" అని అమ్మ ఒకటే నవ్వు. 1858లో మరియమాత కనిపించిన గుహ దగ్గర క్యూలో రోగులనే ముందు పంపుతారు, ఆ టెన్షన్ అక్కర్లేదు.

అక్కడి ఊట నీళ్ల దగ్గర దోసిట్లో పోస్తారు, తాగి ముఖం కడుక్కోవాలి. అమ్మకి దోసిలి పట్టడం రాదు కదా. ఒక పెద్దావిడ తన రెండు చేతులూ అమ్మ కుడిచేతి కింద పెట్టి పట్టుకుంది. నీళ్లు ఐస్‌లా ఉన్నాయి, సగం చీర మీదే పోయాయి.

సాయంత్రం 5 గంటల దివ్యసత్ప్రసాద (పూజలో ఆశీర్వదించిన అప్పం) ప్రదక్షిణలో గురువు (ఫాదర్) రోగుల వరసల దగ్గరికే వచ్చి ఆశీర్వదించారు. రాత్రి 9కి కొవ్వొత్తుల ప్రదక్షిణ కూడా ఉంటుంది. రెండూ ఒకే రోజు పెట్టుకోకండి, మధ్యాహ్నం నిద్ర లేకపోతే కష్టం. మేం రెండోది మర్నాటికి మార్చుకున్నాం.

విజయవాడ గుణదల మాత క్షేత్రం చాలదా అన్నవాళ్లకి: ఫిబ్రవరి 11 పండుగ జనంలో, ఆ కొండ మెట్ల మీద అమ్మను ఎక్కించడం నా వల్ల కాదు.

నయమైందా అంటే, చెయ్యి అలాగే ఉంది. 1858 నుంచి లూర్దులో నయమైనవాటిలో క్యాథలిక్ శ్రీసభ అద్భుతాలుగా ఒప్పుకున్నవే 70 పైచిలుకు. వచ్చే ఏడాది మళ్లీ వెళ్దామంటోంది మాత్రం అమ్మ.